లేజర్ పడవలోకి నీరు దిగుతుంటే: రెసిన్ డబ్బా తెరవకముందు చేయవలసినవి

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైన సంగతి ఇది. సికింద్రాబాద్‌లో తెలిసినవారి దగ్గర ఒక పాత లేజర్ పడవ (ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ) కొన్నారు. హుస్సేన్ సాగర్‌లో బుద్ధ విగ్రహం దాకా వెళ్లి తిరిగి వచ్చేసరికి హల్ (పడవ దేహం) లోపల అర బకెట్ నీరు చేరుతోంది. ముక్కు దగ్గర రూపాయి బిళ్లంత మేర పైపూత ఊడిపోయి, దాని చుట్టూ సాలెగూడులా సన్నని బీటలు కనిపిస్తున్నాయి. కాక్‌పిట్‌కు (కాళ్లు పెట్టుకునే గుంతకు) ముందు, డెక్కు (పడవ పైభాగం) మీద ఒకచోట బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది. తెరచాప, బద్దను దూర్చే ఒక జేబు పక్కన జానెడు చిరిగింది. వీటిని ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా, ఎపాక్సీ కొనాలా లేక మామూలు పాలియెస్టర్ రెసిన్ సరిపోతుందా (రెండూ గాజు పీచును పట్టి గట్టిపడే జిగురు ద్రవాలే), ఎంసీల్ ముద్ద పనికొస్తుందా, జూలై గాలులు మొదలయ్యేలోపు పడవ సిద్ధమవుతుందా అన్నవి మీ ప్రశ్నలు.

చాలావరకు ఇంట్లోనే చేసుకోవచ్చు. కానీ మీరు మొదలుపెట్టదలచుకున్న వరుసే తలకిందులుగా ఉంది. కంటికి కనిపిస్తోంది కాబట్టి ముక్కు దగ్గరి దెబ్బతో మొదలుపెడతానన్నారు. ఆ దెబ్బ నీటిమట్టానికి పైన ఉంది, అర బకెట్ నీరు అక్కడి నుంచి రాదు. ఈ చెరువులో ఇరవై ఏళ్లకు పైగా పడవలు నడుపుతూ, బాగుచేస్తూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: రాళ్లకు తగిలి పాడైన పడవల కంటే, నీరు ఎక్కడి నుంచి వస్తోందో తేల్చకుండా, లోపల తడి ఆరకుండా, హడావుడిగా రెసిన్ పూయడం వల్ల పాడైన పడవలనే ఎక్కువ చూశాను. నేనూ అలా ఒకటి పాడుచేశాను. ఒక ఆగస్టులో రెండు వానల మధ్య ఎండ కాసిందని సంబరపడి డాగర్‌బోర్డు (పడవ పక్కకు జారకుండా నీటిలోకి దింపే పలక) పెట్టె అంచున ఒక అతుకు వేశాను. జనవరిలో అది దోసె లేచినట్టు ఒక్క ముక్కగా లేచి వచ్చింది, దాని వెనుక గుప్పెడు నల్లని నీరు నిలిచి ఉంది.

కాబట్టి ముందు పడవను తూచండి. లేజర్ హల్ కొత్తదైతే దాదాపు 59 కిలోలు ఉంటుంది. బాత్‌రూమ్ తూకం యంత్రం ఒకటి, దాని ఎత్తుకు సరిపోయే ఇటుకలు కొన్ని ఉంటే చాలు. లోపలి నీరంతా తీసేశాక హల్ ముందు భాగం యంత్రం మీద, వెనుక భాగం ఇటుకల మీద ఆనేలా పెట్టి అంకె రాసుకోండి. తరువాత ఆనిన చోట్లు మార్చకుండా యంత్రాన్ని వెనక్కి, ఇటుకలను ముందుకు మార్చి మళ్లీ రాసుకోండి. రెండు అంకెలు కలిపితే మొత్తం బరువు వస్తుంది. బిగింపులకు ఒకటి రెండు కిలోలు తీసివేసినా 66 కిలోలు వచ్చిందంటే, దాదాపు ఏడు లీటర్ల నీరు డెక్కులోని ఫోమ్‌లోనో, పాత మరమ్మతుల్లోనో దాక్కుని ఉందని అర్థం. ఈ అంకెను గోడ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి. ఆరబెట్టేటప్పుడు మీకు ఇదే కొలబద్ద.

ఇక నీరు దిగే చోటు సంగతి. తేలికైనవాటితో మొదలుపెట్టాలి. వెనుక గోడ అడుగున ఉండే బిరడాకు రబ్బరు వాషర్ ఉంటుంది, పాత పడవల్లో అది ఎండి చెక్కలా గట్టిపడుతుంది. కాక్‌పిట్ నీటిని బయటికి లాగే బెయిలర్ చుట్టూ ఉండే సీలు కూడా అంతే. ఈ రెండూ మార్చడానికి అరపూట పడుతుంది. సగం పడవల జబ్బు ఇక్కడే తీరిపోతుంది కాబట్టి ఇవి మార్చి ఒకసారి నీటిలో తిప్పి చూసేదాకా రెసిన్ కోసం రాణీగంజ్ వైపు వెళ్లకండి.

రెండవది మాస్ట్ (తెరచాపను మోసే స్తంభం) నిలబడే గుంత. లేజర్ పడవలో అన్నిటికంటే జాగ్రత్తగా చూడవలసిన చోటు ఇదే. మాస్ట్‌కు పక్క తీగలు ఉండవు. తెరచాప మీద పడే గాలి బలమంతా డెక్కు నుంచి హల్ అడుగు దాకా దిగే ఈ ఒక్క గొట్టమే మోస్తుంది. పడవను సమంగా నిలబెట్టి, గొట్టంలో పైఅంచుకు రెండు వేళ్ల దిగువ వరకు నీరు పోసి, నీటి అంచున పెన్సిల్ గీత పెట్టండి. గంట తరువాత చూడండి. గీత దగ్గరే నీరు నిలిచి ఉంటే సంతోషం. వెంట్రుకవాసి తగ్గినా గొట్టం అడుగు అతుకు వదిలిందని అర్థం. అలాంటి పడవతో జూలై గాలిలోకి వెళ్లవద్దు. గట్టి గాలి విసురులో ఆ గొట్టం కదిలితే డెక్కును కూడా చీల్చుకుని పైకి వస్తుంది. అప్పుడది ఇంట్లో చేసుకునే పని కాదు. ఈ పరీక్షతోపాటే గొట్టంలో వేలు పెట్టి అడుగున ఇసుక ఉందేమో చూడండి. మాస్ట్ తిరిగినప్పుడల్లా ఆ ఇసుక సానరాయిలా గొట్టాన్ని అరగదీస్తుంది. ప్రతిసారీ కడిగి, అడుగున పలుచని టెఫ్లాన్ బిళ్ల వేసుకోవడం మంచిది.

ఈ రెండు చోట్లా ఏమీ దొరక్కపోతే సబ్బు నీటి పరీక్ష చేయాలి. కాక్‌పిట్ ముందు గోడలో, పైఅంచు నీడన, పెన్సిల్ మొన పట్టేంత చిన్న గాలి రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని టేపుతో మూసి, బిరడా రంధ్రంలో గొట్టం పెట్టి, దాని చుట్టూ గుడ్డ చుట్టి, గాలి పరుపులకు వాడే కాలి పంపుతో మెల్లగా నాలుగు సార్లు తొక్కండి. గిన్నెలు తోమే ద్రవం కలిపిన నీటిని పాత బ్రష్‌తో డెక్కు, హల్ కలిసే అంచు పొడుగునా, డాగర్‌బోర్డు పెట్టె రెండు కొసల దగ్గరా, చుక్కాని కీలు స్క్రూల చుట్టూ, కాళ్లు ఆనించే పట్టీ స్క్రూల మీదా పూయండి. లీకు ఉన్నచోట బుడగలు బియ్యం ఉడుకుతున్నట్టు వరుసగా వస్తాయి. పంక్చర్ షాపు కంప్రెసర్ మాత్రం దగ్గరికి రానీయవద్దు. ఒక మిత్రుడు అలా చేసి, లీకు దొరకబుచ్చుకునే బదులు మూరెడు పొడవున అంచు అతుకునే విప్పుకున్నాడు. పని అవగానే గాలి రంధ్రం మీది టేపు తీసేయడం మరచిపోకండి. దాని అవసరం ఎంతో ఒక చిన్న లెక్క చెబుతుంది. గాలి చొరబడకుండా మూసిన హల్ 25 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకు వేడెక్కితే లోపలి ఒత్తిడి ఆరు శాతానికి పైగా పెరుగుతుంది. అంటే చదరపు మీటరు డెక్కును లోపలి నుంచి ఆరువందల కిలోలకు పైగా బలం పైకి నెడుతుందన్నమాట. హైదరాబాద్ మే ఎండలో ఒడ్డున వదిలేసిన పడవకు ఇది రోజూ జరిగేదే. అందుకే ఒడ్డున ఉన్నంతసేపూ బిరడా తీసి ఉంచాలి. ఈ పరీక్ష కూడా ఎండ దిగాక, సాయంత్రం నీడలో చేయాలి, లేకుంటే మీరు తొక్కిన గాలికి ఎండ తన వంతు కలుపుతుంది.

ఆరబెట్టడం ఓపికతో కూడిన పని, దానికి అడ్డదారి లేదు. గొట్టం అడుగు వదిలిందని తేలితే లోపలికి చేయి పోవడానికి ఎలాగూ ఐదంగుళాల ఇన్‌స్పెక్షన్ పోర్ట్ (మూత బిగించే గుండ్రని రంధ్రం) ఒకటి కోయవలసి వస్తుంది. ఆరబెట్టడానికి కూడా అదే దారి. మాస్ట్ గుంతకు పక్కగా, మోచేయి దాకా లోపలికి పెడితే వేళ్లు గొట్టం అడుగును తాకేంత దూరంలో గీత గీసుకోండి. కోసేముందు ఒక మాట గుర్తుంచుకోండి: పడవ మునిగిపోకుండా హల్ లోపల గాలి సంచులో, ఫోమ్ దిమ్మలో ఉంటాయి. రంపం బ్లేడు పొడుగుగా ఉంటే గాలి సంచిని కోసేస్తుంది. బ్లేడును డెక్కు మందానికి కాస్త మించి మాత్రమే దిగేలా పొట్టిగా విరిచి వాడండి. కోశాక పోర్ట్ మీద పాత కంప్యూటర్ ఫ్యాన్ ఒకటి గాలిని బయటికి లాగేలా కట్టి, వెనుక బిరడా తీసి, ముక్కును కొంచెం ఎత్తులో పెట్టి వారాల తరబడి వదిలేయండి. వారానికొకసారి తూచండి. వరుసగా రెండు వారాలు అంకె కదలకపోతే ఆరినట్టే. ఈలోగా హల్‌ను రెండు సన్నని దుంగల మీద ఎండలో పెట్టకండి, వేడికి ఫైబర్ మెత్తబడి ఆనిన చోట సొట్ట పడుతుంది. పాత కారు టైర్లు మేలు.

ఇప్పుడు మీ ఎపాక్సీ ప్రశ్నకు వద్దాం. లేజర్ హల్ పాలియెస్టర్ రెసిన్‌తో చేసినది. ఆరిపోయిన పాలియెస్టర్ మీద ఎపాక్సీ గట్టిగా పట్టుకుంటుంది, గట్టిపడేటప్పుడు తక్కువ కుంచించుకుపోతుంది. కానీ ఎపాక్సీ మీద పాలియెస్టర్ జెల్‌కోటు (పడవ మీది నున్నని పైపూత) సరిగా గట్టిపడదు, జిగురుగా మిగిలిపోతుంది. కాబట్టి నా పద్ధతి ఇది: లోపల, కంటికి కనిపించని, బలం మోయవలసిన చోట ఎపాక్సీ, బయట, తెల్లని పైపూత కనిపించవలసిన చోట పాలియెస్టర్, దాని మీద జెల్‌కోటు. దుకాణంలో చౌకగా దొరికే తరిగిన పీచు మ్యాట్‌ను ఎపాక్సీతో వాడకండి. ఆ పీచును పట్టి ఉంచే బంక పాలియెస్టర్‌లోని స్టైరీన్ అనే ద్రావకంలో కరిగేలా చేసినది, ఎపాక్సీలో అది కరగక మ్యాట్ మొండిగా నిలబడుతుంది. ఎపాక్సీకి నేసిన గాజుగుడ్డ కావాలి. మీరు అడిగిన ఎంసీల్ ముద్ద నీళ్ల పైపులకు మంచిదే, పడవ హల్ నీటిలో వంగుతూ ఉంటుంది కాబట్టి దాని అంచులు కొన్ని వారాలకే విడిపోతాయి. తేలడానికి సాయంగా హల్‌లో థర్మోకోల్ కూరి, తరువాత దాని పక్కనే పాలియెస్టర్ పూసినవారు కూడా ఉన్నారు. స్టైరీన్ తగిలిన థర్మోకోల్ మంచులా కరిగిపోతుంది.

మన దగ్గర పాలియెస్టర్ రెసిన్ చాలాచోట్ల మూడు సీసాలుగా అమ్ముతారు: రెసిన్, ఊదారంగు కోబాల్ట్ (గట్టిపడటాన్ని వేగం చేసేది), నీళ్లలా ఉండే క్యాటలిస్ట్ (గట్టిపడటాన్ని మొదలుపెట్టేది). ఈ ఉత్తరంలో మరేది మరచిపోయినా ఇది మరచిపోకండి. కోబాల్ట్‌ను, క్యాటలిస్ట్‌ను ఎప్పుడూ నేరుగా కలపకూడదు, ఒకే సిరంజితో తీయకూడదు, పక్కపక్కన మూతలు తెరిచి పెట్టకూడదు. అవి రెండూ నేరుగా కలిస్తే మంట లేస్తుంది, పేలవచ్చు కూడా. ముందు కోబాల్ట్‌ను రెసిన్‌లో వేసి, రంగు అంతటా సమంగా అయ్యేదాకా కలపాలి, ఆ తరువాతే క్యాటలిస్ట్. రెసిన్‌లో కోబాల్ట్ ముందే కలిపి అమ్మేవారూ ఉన్నారు కనుక కొనేటప్పుడు అడిగి తెలుసుకోండి. క్యాటలిస్ట్ చుక్క కంట్లో పడితే చూపు పోయే ప్రమాదం ఉంది. పక్కలు కూడా మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకుని, పక్కన బకెట్ నీరు ఉంచుకుని పనిచేయండి. పొరపాటున పడితే పావుగంటపాటు ఆగకుండా కడిగి, వెంటనే కంటి ఆసుపత్రికి వెళ్లాలి.

కొలత విషయంలో మన ఊరి ఎండ నేర్పే పాఠం వేరు. వంద గ్రాముల రెసిన్‌కు క్యాటలిస్ట్ ఒకటి నుంచి రెండు మిల్లీలీటర్లు. మెడికల్ షాపులో సూది లేని సిరంజి కొనుక్కుంటే కొలవడం తేలిక. చలికాలం ఉదయం ఒకటిన్నర, రెండు పడితే పావుగంటకు పైగా సమయం దొరుకుతుంది. వేసవిలో ఒకటికి మించకూడదు, అలాగని ఒకటి కంటే తగ్గించినా రెసిన్ లోపల పూర్తిగా గట్టిపడదు. మొదట్లో నేను మే నెల మిట్టమధ్యాహ్నం మేడ మీద అరకిలో రెసిన్ ఒకే పెరుగు డబ్బాలో కలిపాను. రెండో మ్యాట్ ముక్క తడిపేలోపే బ్రష్ డబ్బాలో నిటారుగా నిలబడిపోయింది. మరో నిమిషానికి పొగ వచ్చింది, డబ్బా అడుగు కరిగి గచ్చుకు అంటుకుంది. ఆ మచ్చ ఇప్పటికీ అక్కడే ఉంది. రెసిన్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది, లోతైన డబ్బాలో ఆ వేడి బయటికి పోలేక తనను తానే తొందరపెట్టుకుంటుంది. అందుకని యాభై, వంద గ్రాముల చొప్పున, వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి వాడండి. ఎపాక్సీకి కూడా ఇదే వర్తిస్తుంది. కాకపోతే దాన్ని గట్టిపరిచే హార్డనర్ పాళ్లు తయారీదారు చెప్పినవే ఉండాలి, వాతావరణాన్ని బట్టి మార్చకూడదు.

మాస్ట్ గొట్టం అడుగు అతుకు పని ఇలా ఉంటుంది. పోర్ట్‌లోంచి చేయి పెట్టి గొట్టం చుట్టూ హల్ అడుగును 60 నంబరు ఎమరీ పేపర్‌తో రుద్ది, మెరుపు పోయి తెల్లగా గరుకు తేలేలా చేయాలి. అసిటోన్ తడిపిన గుడ్డతో తుడవాలి. లోపల గాలి ఆడదు కాబట్టి తుడిచాక ఫ్యాన్ కాసేపు తిప్పి, ఆ తరువాతే మొహం దగ్గరికి తీసుకెళ్లండి. ఎపాక్సీ కలిపాక అందులో ఏరోసిల్ పొడి (చిక్కబరిచే సన్నని సిలికా) కొద్దికొద్దిగా వేస్తూ పోవాలి. మొదట పెసరట్టు పిండిలా జారుతుంది, చివరకు చలిమిడి ముద్దలా చెంచాకు అంటుకుని నిలబడాలి. పొడి గాలిలోకి లేస్తుంది, మాస్క్ లేకుండా కలపవద్దు. ఆ ముద్దను గొట్టానికీ అడుగుకూ మధ్య మూలలో పెట్టి, గ్లవ్ తొడిగిన వేలితో గుండ్రంగా లాగితే మూల మెత్తని వంపుగా మారుతుంది. అది జిగురుగా ఉండగానే నేసిన గాజుగుడ్డ పట్టీలు సగం గొట్టం మీదికి, సగం అడుగు మీదికి వచ్చేలా రెండు వరుసలు వేసి ఎపాక్సీతో తడపాలి. అద్దం, టార్చి లేకుండా ఈ పని కాదు. మొదటిసారి చేసేవారు రెసిన్ కలపకముందే ఒకసారి పొడి గుడ్డతో చేయి తిప్పడం సాధన చేయాలి. మర్నాడు గట్టిపడ్డాక మళ్లీ అదే నీటి గీత పరీక్ష.

మెత్తబడ్డ డెక్కు విషయంలో ఐదు రూపాయల నాణెంతో కొట్టుకుంటూ వెళ్లండి. బాగున్నచోట టక్కుమని మోగుతుంది, పైపొర ఫోమ్ నుంచి విడిపోయినచోట తడిసిన డప్పులా దబ్బుమంటుంది. శబ్దం మారిన చోటల్లా పెన్సిల్ చుక్క పెట్టి చుక్కలు కలిపితే జబ్బు మేర తెలుస్తుంది. అది అరచేయి అంత ఉంటే, పూర్తిగా ఆరాక, పైపొర మాత్రమే దాటేలా మూడు మిల్లీమీటర్ల రంధ్రాలు రెండు మూడు సెంటీమీటర్ల ఎడంతో వేసి, పలుచని ఎపాక్సీని సిరంజితో ఎక్కించండి. ఒక రంధ్రంలో ఎక్కిస్తే పక్క రంధ్రంలోంచి ఊరడం మొదలయ్యేదాకా ఆగకూడదు. పైన పాలిథీన్, దాని మీద చెక్క, దాని మీద ఇటుకలు పెట్టి ఒక రోజు వదలాలి. అరచేయి కంటే పెద్దదైతే, లేదా మాస్ట్ గుంత చుట్టూ కూడా దబ్బుమంటే, ఫైబర్ పని తెలిసినవారికి అప్పగించడమే మంచిది. అది నేను కూడా సొంతంగా చేయను.

ముక్కు దెబ్బ అన్నిటికంటే సులువు, అందుకే దాన్ని చివరికి ఉంచాను. స్క్రేపర్ మూలతో సాలెగూడు బీటలను ఒక్కొక్కటిగా గీకి, ఇంగ్లిషు వి అక్షరంలా కాలువ చేయండి. కాలువ అడుగున కూడా అదే తెల్లని పూత నున్నగా కనిపిస్తే జెల్‌కోటు చాలు. పీచు కనిపించి, గోరుతో గీరితే పోగులు లేస్తుంటే మ్యాట్ కావాలి. అప్పుడు చుట్టూ అంచును మందానికి పన్నెండు రెట్లు వెడల్పున ఏటవాలుగా గీకాలి, అంటే రెండు మిల్లీమీటర్ల మందానికి దాదాపు రెండున్నర సెంటీమీటర్లు. జెల్‌కోటు గాలి తగులుతుంటే పైన జిగురుగానే ఉండిపోతుంది కాబట్టి, కాస్త ఎత్తుగా నింపి, పారదర్శకమైన ఫైల్ కవరు ముక్క ఒకటి బుడగలు లేకుండా పరిచి అంచులకు టేపు వేయండి. మర్నాడు అది ఒలిచి, 220 నుంచి మొదలుపెట్టి 400, 600, 1000 వరకు వాటర్ పేపర్‌తో నీళ్లు పోస్తూ రుద్ది, కార్లకు వాడే రబ్బింగ్ కాంపౌండ్‌తో మెరుగు పెట్టండి. పాత పడవ తెలుపు అసలు తెలుపు కాదు, ఎండకు వెన్నరంగుకు తిరిగి ఉంటుంది. అగ్గిపుల్ల మొనతో పసుపు, మరో పుల్ల మొనతో నలుపు తగిలిస్తే దగ్గరకు వస్తుంది. ఎంత ప్రయత్నించినా దగ్గరి నుంచి చూస్తే అతుకు తెలుస్తుంది, దాని కోసం రాత్రుళ్లు మేలుకోనక్కర్లేదు.

అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో గ్రైండర్ పెట్టకండి. గాజు ధూళి పక్కవారి కార్ల మీదే కాక వారి ఊపిరితిత్తుల్లోకి కూడా పోతుంది, స్టైరీన్ వాసన మూడంతస్తుల దాకా ఎక్కుతుంది. మేడ మీద, గాలి వాటం చూసుకుని, నిండు చేతుల చొక్కా, ఎన్95 మాస్క్ వేసుకుని నీళ్లతో తడుపుతూ చేత్తోనే రుద్దండి. పనయ్యాక ముందు చన్నీళ్లతో కడుక్కోండి, వేన్నీళ్లు పోస్తే దురద రెండింతలవుతుంది.

చుక్కాని కీలు వదులుగా ఉన్నా, దాని స్క్రూల దగ్గర బుడగలు వచ్చినా, స్క్రూలు విప్పి రంధ్రాలను ఏరోసిల్ కలిపిన ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక కొత్తగా డ్రిల్ చేసి, పాలీయురేథేన్ సీలెంట్ పెట్టి బిగించండి. సిలికాన్ వద్దు. అది ఒకసారి తగిలిన చోట తరువాత ఏ రెసిన్ పట్టుకోదు. స్టీలు స్క్రూలు కొనేటప్పుడు 304 రకమని గట్టిగా అడగండి, చవకగా ఇచ్చేది చాలాసార్లు 202 అవుతుంది. చెరువు నీటికి 304 చాలు, పడవను ఎప్పుడైనా విశాఖ తీసుకెళ్లే ఆలోచన ఉంటే 316 కొనండి. అల్యూమినియం మాస్ట్‌లో స్టీలు తగిలిన చోట తెల్లని పొడి కడుతుంది, ఆ రెండు లోహాల మధ్య సీలెంట్ పొర ఉండాలి. మాస్ట్ పై ముక్క అడుగున, రివెట్ రంధ్రం చుట్టూ, బీట ఉందేమో భూతద్దం పెట్టి చూడండి. అక్కడే ఎక్కువగా విరుగుతుంది. మాస్ట్ కొసల్లోని మూతలకు నీరు చొరబడకుండా సీలెంట్ పెట్టండి. పడవ తిరగబడినప్పుడు మాస్ట్ తేలాలి. నీరు నిండిన మాస్ట్ హుస్సేన్ సాగర్ బురదలో దిగబడితే, దాన్ని పైకి లాగేటప్పుడే వంగిపోతుంది.

తెరచాప విషయం త్వరగా తేల్చవచ్చు. ముందు మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి. నాలాల మురుగు దశాబ్దాలుగా ఈ చెరువులో కలుస్తోంది, కాబట్టి కడగనిదే టేపు అంటదు. చిరుగు అంచును రెండు చేతులతో పట్టి మెల్లగా లాగండి. గుడ్డ కాగితంలా ఇంకాస్త చిరిగితే ఎండకు కుళ్లిపోయిందని అర్థం, దాని మీద డబ్బు పెట్టకండి. నిలబడితే తెరచాప మరమ్మతు టేపును రెండు వైపులా, మూలలు గుండ్రంగా కత్తిరించి అంటించి, జిగ్‌జాగ్ కుట్టు వేయించండి. టార్పాలిన్లు కుట్టేవారి మిషన్లు ఈ గుడ్డకు సరిపోతాయి. దారం పాలియెస్టర్‌దే తీసుకెళ్లి ఇవ్వండి, నూలు దారం ఒక వర్షాకాలం దాటదు. అక్కడికి వెళ్లినప్పుడే మిగతా కుట్లన్నీ గోరుతో గీరి చూడండి. దారం గుడ్డ మీద ఉబ్బెత్తుగా ఉంటుంది కనుక గుడ్డ కంటే ముందు అదే ఎండకు పోతుంది. తెరచాపను మడతలు పెట్టకుండా చుట్టి దాచండి.

జూలై గురించి నా సలహా ఇది. హైదరాబాద్‌లో పడమటి గాలి నిలకడగా వీచే జూన్ నుంచి ఆగస్టు వరకు పడవ నడపడానికి ఎంత మంచి కాలమో, రెసిన్ పనికి అంత చెడ్డ కాలం. తేమకు ఎపాక్సీ మీద మైనంలాంటి పొర తేలుతుంది, దాన్ని నీళ్లతో కడగకుండా రెండో పూత వేస్తే ఊడి వస్తుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి పొడిగా, ఎండ మెత్తగా ఉంటుంది, డెక్కు, ముక్కు పనులు అప్పటికి ఉంచండి. ఇప్పుడు చేయవలసినవి తూకం, వాషర్లు, మాస్ట్ గుంత పరీక్ష, సబ్బు నీరు, తెరచాప. ముక్కు దెబ్బ మీద నీరు చొరబడని టేపు ఒకటి వేస్తే ఈ ఋతువు గడిచిపోతుంది. మాస్ట్ గుంత గీత దిగకుండా ఉండి, వాషర్లు మార్చాక లోపల చేరే నీరు ఒక లోటాకు తగ్గితే, గాలి మరీ ఎక్కువగా లేని రోజుల్లో, ఒడ్డుకు దగ్గరగా, ప్రతిసారీ నీరు కొలిచి రాసుకుంటూ నడపవచ్చు. గీత దిగితే ఈ ఏడాది గాలులను మిత్రుల పడవల్లో అనుభవించండి.

వినాయక నిమజ్జనం తరువాత కొన్ని వారాలు విగ్రహాల చువ్వలు, కర్రలు నీటిలో కనిపించకుండా ఉంటాయి, డాగర్‌బోర్డు అంచు దెబ్బతినేది ఎక్కువగా అప్పుడే. ఆ అంచు పనిని కూడా చలికాలపు పనిలో కలిపేసుకుంటే రెసిన్ ఒకేసారి కొనవచ్చు.

తూకం ఎంత వచ్చిందో, మాస్ట్ గుంతలో గంటకు నీరు ఎంత తగ్గిందో, నాణెం దబ్బుమన్న చోట్లను చుక్కలతో గుర్తించిన ఫోటో ఒకటీ పెట్టండి. అవి చూశాక పోర్ట్ ఎక్కడ కోయాలో గీత గీసి పంపుతాను.